తెల్ల జెండా పాతిన చోట

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా నా పని చెరకు తోటలు కొలవడం. గొలుసు పట్టుకుని గట్ల వెంట నడవడం తప్ప వేరే విద్య రాదు. గేటుకు తాళం పడ్డాక రెండేళ్లు ఖాళీగా తిరిగాను. చివరికి నిజామాబాద్‌లో ఒక ఏజెంటును పట్టుకుని గల్ఫ్‌కు పోయాను. అక్కడా భూమి కొలిచే పనే అన్నారు. సంబరపడ్డాను.

ఎడారి కొండల మధ్య పాత బంగారు గని అది. ఎన్ని తరాల కిందటో మనుషులు చేత్తో తవ్వి వదిలేసిన సొరంగాలు నేల కింద అల్లుకుని ఉన్నాయి. ఆ నేల మీదే కొత్త కంపెనీ రాయిని పగలగొట్టి గుట్టగా పోయబోతోంది. గుట్ట మీద సైనైడ్ కలిపిన నీళ్లు చుక్కలు చుక్కలుగా వదిలితే బంగారం కరిగి కిందికి దిగుతుందట. అడుగున పరిచిన ప్లాస్టిక్ షీటు దాన్ని పట్టుకుంటుంది. నేల కుంగి షీటు చిరిగిందా, విషం భూమిలోకి పోతుంది. అందుకని ముందు నేలను గట్టిపరచాలి. మేం బోరు యంత్రంతో వరసగా పొడుచుకుంటూ పోయేవాళ్లం. కడ్డీ గట్టిగా దిగితే తెల్ల జెండా, గుల్ల తగిలితే ఎర్ర జెండా. ఎర్ర జెండా ఉన్నచోట తవ్వి, సొరంగం కప్పు కూల్చి, రాళ్లతో నింపి, ఆ తర్వాతే రోలర్ తిప్పాలి. జెండాలు పాతేది నేను.

రోలర్ నడిపే ఆయనది మా జిల్లాలోనే మోర్తాడ్. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ని. ఇద్దరిదీ ఒకే గది. పప్పులో వేసే పసుపు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నదే. "మా చేన్లది, వాసన సూడు" అని డబ్బా నా ముక్కు దగ్గర పెట్టేవాడు. రోజూ బండి ఎక్కేముందు చుట్టూ ఒకసారి తిరిగి, నేలను మడమతో తన్ని చూసేవాడు.

"అట్ల తంతే ఏం తెలుస్తదన్నా?" అని ఒకసారి నవ్వాను.

"ఏం తెల్వది. నీ జెండా సూసే ఎక్కుతున్న" అన్నాడు.

ఒక మధ్యాహ్నం కడ్డీ దిగుతూ దిగుతూ ఒక్కసారిగా జానెడు జారి, మళ్లీ గట్టినేల తగిలి ఆగింది. గుల్లేమో అన్నాను. సూపర్‌వైజర్ వాచీ చూసుకున్నాడు. వట్టి వదులు మట్టి, షీటు పరిచేవాళ్లు ఎల్లుండి దిగుతున్నారు, తెల్లది పాతెయ్ అన్నాడు. పక్కన ఇంకొకటి పొడుద్దామని అడిగేలోపే నడిచిపోయాడు. రెండు జెండాలూ నా చేతిలోనే ఉన్నాయి. తెల్లది పాతాను.

మర్నాడు పొద్దున టీ తాగుతున్నాను. పెద్ద చప్పుడేం కాలేదు. బరువైన బస్తా దింపినట్టు దబ్బుమంది, అంతే. దుమ్ము లేచింది. అది అణిగాక చూస్తే రోలర్ లేదు, గొయ్యి ఉంది. అన్న శవాన్ని రెండో రోజు పైకి తీశారు. ఆ గొయ్యిని రాళ్లతో నింపి, వేరే రోలర్ తెచ్చి తిప్పి, వారంలో షీటు పరిచేశారు.

ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. డ్రైవర్ ఎర్ర జెండాలు దాటి వెళ్లాడని అందులో ఉంది. సంతకం పెట్టకపోతే పాస్‌పోర్టు చేతికి రాదన్నారు. భయపడి పెట్టానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నిజానికి ఆ కాగితం నన్ను కూడా తప్పించింది. అది తెలిసే పెట్టాను.

ఆరు నెలలకు తిరిగొచ్చి మోర్తాడ్ పోయాను. వదిన వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది.

"నిన్ను ఫోన్ల సూసిన. కూసో" అంది. తనే అందుకుంది. "సూసుకోక జెండాలు దాటి పోయిండంటున్నరు అందరు. ఇంట్ల బిందె ఎత్తినా కింద సూసి అడుగేసెటోడు. గసొంటోడు ఎట్ల దాటుతడు?"

అంతా చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"తెల్లది నువ్వే పాతినవా?"

"అవు వదినా."

"ఎర్రది గూడ నీ చేతుల ఉండెనా?"

"ఉండె."

చాటను పక్కకు జరిపింది. "చెప్పి నువ్వు బరువు దించుకున్నవు. నేనేడ దించుకోవాలె?" అంది.

ఆమె లోపలికి పోయి బిడ్డ నోటుపుస్తకంలోంచి కాగితం చింపి తెచ్చింది. "తప్పు ఆయనది కాదని రాసియ్యి. దాన్ని నా బిడ్డ సదువుకుంటది."

రాశాను. తనకు చదువు రాదు, చదివి వినిపించమంది. పక్కింటివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. 'నేను' అన్న మాట దగ్గర ఆగాను. "సదువు" అంది వదిన. చదివాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కింటి ముసలవ్వ ఒకతె కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది.

అదే మాట కంపెనీకీ రాసి పంపాను. జవాబు రాలేదు. వదిన నా ఫోను ఎత్తదు. ఎత్తినా ఏం మాట్లాడాలో నాకు తెలియదు. పక్కనే ఉన్న ఆర్మూర్ దాకా పని పడినా, మోర్తాడ్ వైపు పోయే బస్సు మాత్రం ఎక్కను.