ఈతకు విడిగా మేత లేదు

మీకిప్పుడు ఒక మహాయుద్ధం చెప్పబోతున్నాను. రక్తం, చెమట, ద్రోహం, చివరికి విజయం. మంచినీళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

నిజం చెప్పాలంటే రక్తం లేదు. చెమట ఉంది. ద్రోహం చేసింది నా ఎడమచేతి వాచీ. యుద్ధమంతా నా నడుము చుట్టూ, అమ్మ కుట్టుమిషను టేపుతో జరిగింది.

అప్పటికి నేను ఏలూరులో జిమ్ములో చేరి మూడు నెలలు. కండ పెరగాలి, కొవ్వు తగ్గాలి, రెండూ ఒకేసారి. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే బరువులెత్తి, రైలెక్కి, భీమడోలు దాటేలోపు డబ్బాలోని ఉడికించిన గుడ్లు తినేసేవాణ్ణి. పక్క సీట్లవాళ్లు కిటికీలు తెరిచేవారు. నేను ఆపలేదు.

రోజుకి ఎంత తినాలో ఫోనులో పెట్టుకున్నాను. వ్యాయామంలో ఎన్ని కేలరీలు కరిగాయో వాచీ చెప్పేది, ఫోను వాటిని నా తిండి వాటాకి కలిపేది. నాలుగొందలు కరిగితే నాలుగొందలు అదనంగా తినొచ్చు. ఈ విషయంలో నాది గొప్ప నిజాయితీ, ఒక్కటి కూడా వదిలేవాణ్ణి కాదు.

మూడు నెలలయ్యాక అమ్మ టేపు తీసింది. నడుము ముప్పై ఎనిమిది. చేరిన రోజూ ముప్పై ఎనిమిదే.

"కండ పెరిగిందమ్మా," అన్నాను.

"నడుము దగ్గరా?"

నేను పొట్ట లోపలికి లాక్కున్నాను.

"ఇంకో నెల చూస్తాను. అంగుళమైనా తగ్గకపోతే జిమ్ము మానేసి, మీ నాన్నలా కంచం నిండా తిని హాయిగా ఉండు. ఆ గుడ్ల గిన్నె తోమలేక చస్తున్నాను."

"తగ్గుతుంది. మానేది లేదు."

"టేపు చెప్తుందిలే."

మాననని అనేశాను గానీ, ఎలా తగ్గించాలో నాకు తెలీదు.

ఆ ఆదివారం కలిదిండి దగ్గర మావయ్య చేపల చెరువుకి వెళ్లాను. సాయం చేయడానికని ఇంట్లో చెప్పాను. పడవలో గెడ వేస్తే వాచీలో కేలరీలు పడతాయన్నది అసలు కారణం. మావయ్య తవుడూ నూనెచెక్కా నింపిన చిల్లుల సంచుల్ని నీళ్లలో పాతిన కర్రలకి కడుతూ వెళ్తుంటే నేను గెడ వేశాను. ఆ చిల్లుల్లోంచి చేపలు మేత లాక్కుని తింటాయి. ఒడ్డుకొచ్చేసరికి వాచీ ఆరువందలంది. గట్టు మీద బైకు వెనక కూర్చుని తిన్న కుదుపుల్ని కూడా నా వ్యాయామం కిందే వేసేసింది. నేను దిద్దబోలేదు.

చెరువు దగ్గరి షెడ్డులో అత్తయ్య పెసరట్లు వేస్తోంది. నేను నాలుగోది అడిగాను.

"ఏరా, తగ్గాలనే కదా నీ తిప్పలన్నీ?" అన్నాడు మావయ్య.

"ఆరువందలు కరిగాయండి మావయ్యా. ఇవి వాటి బదులు."

"ఎవరు చెప్పారు?"

చెయ్యి చూపించాను. ఆయన వాచీని చూసి, చెరువు వైపు చూశాడు.

"ఆ బొచ్చె చేపలు రోజంతా ఈదుతూనే ఉంటాయి. ఈదినందుకు విడిగా మేత వేస్తానా?"

"మరెలా వేస్తారండీ?"

"రోజూ ఒకటే కొలత. పదిహేను రోజులకోసారి వల విసిరి, పది చేపల్ని తూచి, ఎదుగుదల చూసి మేత సర్దుతాను. ఈత అందులోనే వచ్చేసింది కదరా."

"మీ చేపలకి వాచీ లేదు కదండీ."

"అందుకే ఎదుగుతున్నాయి."

అత్తయ్య నాలుగో పెసరట్టు మావయ్య కంచంలో వేసింది.

ఒక చేపతో పోల్చినందుకు రెండు రోజులు బాధపడి, మూడో రోజు ఫోనులో ఆ కలిపే పద్ధతి తీసేశాను. జిమ్మున్న రోజైనా లేని రోజైనా ఒకటే కొలత: గుడ్లు, పప్పు, పెరుగు, చేప ముక్కలు, గిన్నెతో కొలిచిన అన్నం. బరువులు మాత్రం వారం వారం పెంచాను. ఆదివారం పొద్దున పరగడుపున తూకం, టేపు. రెండో వారం కాళ్లు వణికితే రోజుకో గుప్పెడు అన్నం కలిపాను. అదీ తూకం చూశాకే, వాచీని అడగలేదు. అది మాత్రం సాయంత్రమయ్యేసరికి మీరింకా తినొచ్చని బతిమాలేది. నిన్నెవరడిగారని రైల్లో పైకే అనేశాను. పక్కాయన కాస్త జరిగి కూర్చున్నాడు. నాకు చోటు బాగా సరిపోయింది.

నెలాఖరున అమ్మ టేపు చుట్టింది. ఊపిరి వదలమంది. వదిలాను. మళ్లీ చుట్టింది. రెండుసార్లూ ముప్పై ఏడే. తూకం ఒక్క కిలో తగ్గింది, జిమ్ములో ఎత్తే బరువు మాత్రం పెరిగింది.

"ఒక్క అంగుళమేగా," అంది.

"నువ్వడిగింది ఒక్క అంగుళమేగా. మానను."

"మానకు. గిన్నె మాత్రం నువ్వే తోముకో."

తోముకుంటున్నాను. విజేతగా ఆఫీసుకి బయల్దేరిన మొదటి రోజే ప్యాంటు జారింది, బెల్టుకి బెజ్జాలు అయిపోయాయి. కొత్త బెజ్జం పెట్టేటప్పుడు మేకుని ముందు స్టవ్వు మీద కాల్చుకోవాలి. ఊరికే కొడితే తోలు చిరుగుతుంది.