తెర వెనక నాదస్వరం

మా ఆయన ఆ మెషీనును బెంగళూరు నుంచి లారీలో తెచ్చాడు. మా ఊరి చెనిక్కాయల, అంటే వేరుశనగ కాయల, మూటలు అక్కడ దించి ఖాళీగా తిరిగివస్తున్న లారీ అది. మెషీనుకు దుప్పటి చుట్టి, గోనెసంచుల మీద పెట్టి, దారి పొడుగునా దాన్ని పట్టుకునే కూర్చున్నాడట. ఇంటి ముందు లారీ ఆగాక పసిబిడ్డను దించినట్టు దించాడు. ఎనభైల చివరి సంవత్సరాలవి. మాకు పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు. నన్ను బస్సు దించేటప్పుడు కూడా ఆయన అంత జాగ్రత్త చూపించిన గుర్తు లేదు.

కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా ఊరు వై.ఎన్.హొసకోటలో ఆయనకు మైక్‌సెట్ అంగడి ఉండేది. పెళ్లిళ్లకు, జాతరలకు మైకులు, లైట్లు బాడుగకిచ్చేవాడు. దాంతోపాటు ఒక ఆర్కెస్ట్రా నడిపేవాడు. అందులో తబలా, డోలక్ వాయించేవాళ్లు, పాడే ఒక మగాయన, ఒక ఆడామె ఉండేవారు. చిన్న కీబోర్డు ఒకటి ఆయనే వాయించేవాడు.

మా నాయన నాటకాల మేష్ట్రు. నిడుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో రైతులకు పద్యాలు నేర్పి పౌరాణిక నాటకాలు ఆడించేవాడు. నాకు అక్షరాలకంటే ముందు హార్మోనియం మీద స్వరాలు నేర్పాడు. నేను పెద్దమనిషినయ్యాక మాత్రం నలుగురిలో వాయించకూడదన్నాడు. మైక్‌సెట్ అంగడి సంబంధం వచ్చినప్పుడు నేను లోలోపల సంతోషపడ్డాను. పాట ఉన్న ఇంటికి పోతున్నాననుకున్నాను.

ఆ మెషీను పేరు సింథసైజరు. ఏదో స్టూడియోవాళ్లు కొత్తరకం కీబోర్డులు కొనుక్కుని దీన్ని వదిలించుకున్నారు. హార్మోనియంలాగే మెట్లున్నాయి. పైన మాత్రం వరసగా తిప్పే నాబ్‌లు, జరిపే పట్టీలు. మెట్టు నొక్కితే సితారు, వీణ అన్నీ వచ్చేస్తాయని మా ఆయన ఆశ. నొక్కితే వచ్చింది బస్సు హారన్ లాంటి మోత. నాబ్ తిప్పితే ఈగ ముసిరినట్టు, ఇంకోటి తిప్పితే పిల్లి ఏడ్చినట్టు. రెండు మెట్లు కలిపి నొక్కినా ఒకటే పలికేది. కొన్నాళ్లు కుస్తీపట్టి విసిగిపోయాడు.

"చెడిపోయిన మాలు అంటగట్టినారు నాకి," అని దాన్ని వెనకింట్లో విత్తనం కాయల మూటల పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నాలు ఆయన అంగడిలో ఉంటాడు. అత్త నిద్రపోతుంది. వెనకింట్లోకి పోయి నేను దాని ముందు కూర్చున్నాను. పట్టీలన్నీ కిందికి దించేసి, నాబ్‌లన్నీ మొదటికి తిప్పేసి, ఒక్కోటే కదిలించి విన్నాను. ఎస్సెస్సెల్సీ దాకా చదివిన ఇంగ్లీషుతో వాటి కింద రాసినవి కూడబలుక్కున్నాను. మాటలకు అర్థం తెలియకపోయినా చెవికి తెలిసేది. అందులో ఏ వాద్యమూ సిద్ధంగా ఉండదనీ, నాదం ఎలా పుట్టాలో, ఎంతసేపటికి నిండాలో, ఎలా ఆగిపోవాలో ప్రతిదీ మనమే చెప్పాలనీ మెల్లగా అర్థమైంది.

లోపల నాదం పుట్టించేవి రెండున్నాయి. రెండూ సరిగ్గా ఒకే శ్రుతిలో ఉంటే గొంతు పేలవంగా ఉండేది. రెండోదాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపితే ఇద్దరు మనుషులు కలిసి ఊదినట్టు నిండుగా వచ్చేది. గాలి హోరులాంటి చప్పుడు ఇచ్చే నాబ్ ఒకటి ఉంది. దాన్ని రవ్వంత కలిపితే వేణువులో మనిషి ఊపిరి వినిపించేది. ఎక్కువ చేసి, గొంతు మూసినట్టు నాదాన్ని మసకబార్చే నాబ్‌ను కిందికి తిప్పితే ఉరుము. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు దొరికిన రోజు నాకు ఏడుపొచ్చింది. హార్మోనియంలో గమకం పలకదని మా నాయన ఎప్పుడూ బాధపడేవాడు. ఇందులో పలికింది.

కానీ అది మహా పెంకి మెషీను. స్విచ్చి వేసి అరగంట వేడెక్కందే శ్రుతిలో నిలిచేది కాదు. తోటల్లో బోరు మోటార్లు వేశారంటే మా వోల్టేజి పడిపోయేది, దాంతో షడ్జమం కిందికి దిగేది. అంగడి నుంచి ఇంటికొచ్చి పడున్న స్టెబిలైజరు ఒకటి తగిలించుకున్నాను. అయినా ఎడమచెయ్యి ఎప్పుడూ నాబ్ మీద ఉండాల్సిందే. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి నాబ్‌ల మీద, రెండూ కలిసి పాడితేనే అది వాద్యమయ్యేది. ఒక్కో స్వరం మొదలయ్యేటప్పుడు గొంతు మూసి, నిలిచేటప్పుడు తెరిచి, చివర్లో కాస్త వణికించి వదిలితే నాదస్వరం.

ఒకరోజు మా ఆయన భోజనానికి ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవురొచ్చినారు ఇంట్లోకి? ఊదతాండేది ఎవురు?" అన్నాడు.

నేనని చూసి చెప్పులు గుమ్మంలోనే వదిలి లోపలికొచ్చాడు. తర్వాత పక్కన కూర్చుని, "నాకి చూపించు," అన్నాడు.

చూపించాను. అబద్ధమెందుకు, ఆయన కష్టపడ్డాడు. వేళ్లు బాగానే పోయేవి, ఎడమచెయ్యి మాత్రం పలికేది కాదు. నాబ్‌ల పక్కన నా గోళ్ల రంగుతో గుర్తులు పెట్టి ఇచ్చినా రాలేదు. గుర్తు దగ్గర నిలిపితే ఆ నాదం చచ్చినట్టుండేది.

అయినా ఒక పెళ్లి కచేరీకి దాన్ని తీసుకుపోయాడు. స్టేజి మీద ఫోకస్ లైట్ల వేడికి అది పాట మధ్యలో శ్రుతి తప్పింది. గాయకుడు పాట ఆపి అందరి ముందూ అరిచాడట. జనం ఈలలు వేశారట. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చెప్పాడు.

"స్టేజీ మీద వేడికి నిలవదు అది. పక్కన తెర వెనక నీడలో పెడతాం. నువ్వు ఆడ కూచో."

"మరి స్టేజీ మీద?"

"నేను నా కీబోర్డు పెట్టుకోని నిలబడతా. వైరు తగిలించను."

"ఉత్తినే వేళ్లు ఆడిస్తావా?"

"ఆడిస్తే ఏంది? ఆడదాన్ని తీసకపోయి స్టేజీ ఎక్కిస్తే ఆర్కెస్ట్రాను ఎవురన్నా పిలుస్తారా?"

గాయని స్టేజి మీదే పాడుతుంది కదా అన్నాను. "ఆమె సంగతి వేరే, నువ్వు నా పెండ్లానివి," అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే మెషీను మళ్లీ మూటల పక్కకే పోతుంది.

ఆ తర్వాతి రెండేళ్లు మా ఆర్కెస్ట్రాకు మంచి పేరొచ్చింది. పావగడ తాలూకాలోనే కాదు, ఆంధ్రా వైపు నుంచి కూడా పిలుపులు వచ్చేవి. వేదిక పక్కన తాటాకు చాప మీద కూర్చుని, తెర సందులోంచి మా ఆయన వీపు చూస్తూ వాయించేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని తల ఊపేవాడు. నేను స్వరం సాగదీస్తే ఆయన మొహం పైకెత్తేవాడు. చప్పట్లు కొడితే చేతులు జోడించేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కొన్నాళ్లకు నవ్వు రావడం మానేసింది. ఎందుకంటే ఇంట్లో కూడా ఆయన, "నిన్న నేను పట్టిన ఆ రాగం విన్నావా," అనడం మొదలుపెట్టాడు. ఎదురుగా నేను తప్ప ఇంకెవరూ లేనప్పుడు కూడా అనేవాడు.

నిడుగల్లు జాతరకు మా నాయన నాటకం పెట్టుకున్నాడు. నాటకానికి ముందు, దీపాలు పెట్టే వేళకు మా కచేరీ. నాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకిష్టమైన రాగమే ఎత్తుకున్నాను. చిన్నప్పుడు ఆయన గొంతుతో పాడి చూపించిన రాగ సంగతులన్నీ, హార్మోనియంలో పలకక ఆయన చెయ్యి విదిల్చిన సంగతులన్నీ, ఒక్కొక్కటే వాయించాను. తెర సందులోంచి చూశాను. నాయన మా ఆయన వైపు చూడటం లేదు. తల కాస్త పక్కకు తిప్పి తెర వైపే చూస్తున్నాడు. ఆయనకు తెలిసిపోయింది. నా చెయ్యి ఆయన గుర్తుపట్టాడు.

పాట అయ్యాక ఊరిపెద్దలు నాయన చేతికి శాలువా ఇచ్చి కళాకారుణ్ణి సన్మానించమన్నారు. నాయన స్టేజి ఎక్కాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆ శాలువా మా ఆయనకు కప్పి, మైకు ముందు, "మా అల్లుడు ఈ తాలూకాకే పేరు తెచ్చినాడు," అన్నాడు.

తర్వాత తెర వెనక్కి వచ్చాడు. నేను వైర్లు చుడుతున్నాను.

"నీకు తెల్దా నాయనా?" అన్నాను.

"తెలుసు పాపా."

"మరి?"

ఆయన నేల చూపులు చూశాడు. "మగోని మర్యాద పోతే సంసారం ఏమైతాది? నువ్వు బాగా వాయించినావు. అంతే సాలదా నీకి?"

చాలదని చెప్పాలనుకున్నాను. నాటకానికి వేళవుతోందని ఎవరో పిలిస్తే ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు పుట్టింటికి వెళ్లాను గానీ, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మా ఆయన మీద నాకున్నది కోపం. నాయన మీద ఉన్నదానికి కోపం అనే మాట సరిపోదు.

ఆ మరుసటి ఏడు వానలు పూర్తిగా పోయాయి. చెనిక్కాయ పూతలోనే మాడిపోయింది. ఊళ్లో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. మోటార్లు వేసేవాళ్లు లేక వోల్టేజి నిలకడగా ఉండేది. మెషీను ఎప్పుడూ లేనంత శ్రుతిలో ఉండేది. దాని శ్రుతి బాగుందంటే ఊరి బాగు పోయిందని నాకు తెలుసు. అయినా వాయించేదాన్ని. జాతరలు లేవు, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, కచేరీలు లేవు. చేయడానికి నాకు ఇంకేముంది?

పెరట్లో సిమెంటు తొట్టి ఖాళీగా ఉండేది. అంగడిలోని స్పీకరు ఒకటి తొట్టి అడుగున పెట్టి, పైనుంచి మైకు వేలాడదీస్తే నాదం లోపల తిరిగి తిరిగి పైకొచ్చేది. గుడి మంటపంలో కూర్చుని ఊదినట్టుండేది. అలా ఒక మధ్యాహ్నం టేపు రికార్డరులో పట్టాం. ఒకటి వాయించి పట్టి, దాన్ని మోగిస్తూ దాని మీద ఇంకోటి వాయించి రెంటినీ ఇంకో రికార్డరులో పట్టాం. ఒక్క స్వరమే పలికే మెషీను అలా ఇద్దరు విద్వాంసులై జంటగా ఊదింది. మా ఆయన ఆ రోజు నిజంగా సంతోషపడ్డాడు. తొట్టి గోడకు ఆనుకుని కూర్చుని, "ఏమ్మే, ఇది గొప్పగా ఉండాది," అన్నాడు. మా కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

ఆ టేపు పట్టుకుని బెంగళూరు పోయాడు. ఒక క్యాసెట్ల వ్యాపారికి నచ్చిందట, రికార్డింగుకు రమ్మన్నారట. తిరిగొచ్చి, ఈసారి మెషీను కూడా తీసుకుపోయాడు. నన్ను రమ్మనలేదు. స్టూడియోలో తెర ఉండదు కదా.

వారం తర్వాత వచ్చాడు. చేతిలో కొత్త అట్టపెట్టె, అందులో తళతళలాడే కొత్త కీబోర్డు.

"పాతది యాడ?" అన్నాను.

"ఇచ్చేసి ఇది తెచ్చుకున్నా. దీంట్లో నూరు వాద్యాలు ఉండాయి. బటన్ నొక్కితే సాలు, వేడెక్కేది లేదు, శ్రుతి తప్పేది లేదు. ఇంక నీకి కష్టం తప్పింది."

"నన్నొక మాట అడగలేదే?"

"దానికి నిన్ను అడిగేది ఏంది? నేను తెచ్చింది, నేను ఇచ్చినా."

నేను లేచి పళ్లెం పెట్టాను. అన్నం వడ్డించాను. అది చేతిలోంచి పోయినందుకు ఏడవడానికి కూడా నాకు చోటు లేదు. వెనకింట్లో అత్త పడుకుని ఉంది.

క్యాసెట్టు తర్వాత ఎప్పుడో వచ్చింది. అట్ట మీద మా ఆయన ఫోటో, కీబోర్డు ముందు చేతులు పెట్టుకుని. స్టూడియోలో ఆ నాదం ఎవరికీ రాక, మా తొట్టిలో పట్టిన టేపునే యథాతథంగా అందులో కలిపేశారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. పావగడకు పోతుండగా బస్సులో డ్రైవరు వేస్తే విన్నాను. నా పక్కన కూర్చున్న ముసలావిడ, "ఎవురో గానీ, మనసు పెట్టి ఊదినాడమ్మా," అంది. అవునన్నాను.

ఇంటికొచ్చి అడిగాను. "నా పేరు ఒక మూల వేసింటే ఏం పోయేది?"

"వేస్తే జనం ఏమంటారు? ఇన్నాళ్లూ నేను మోసం చేసినా అనరా?" అన్నాడు. అది మోసమేనని ఆయనే ఒప్పుకున్నట్టయింది. కానీ ఆ మాట ఆయనకు వినబడలేదు.

క్యాసెట్టు విని కచేరీలకు పిలిచినవాళ్లు ఆ నాదస్వరం కావాలన్నారు. కొత్త కీబోర్డులో నాదస్వరం బటన్ ఒకటుంది. నొక్కితే ప్రతి స్వరం ఒకేలా పుట్టి ఒకేలా చచ్చేది. క్యాసెట్టులో ఉండేది వేరే అని జనం మొహం మీదే అన్నారు. అప్పుడు ఆయన ఆ కీబోర్డు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏదన్నా చేసి దీంట్లో ఆ నాదం రప్పించు."

దాన్ని చూశాను. తెరిచి సర్దుకోవడానికి అందులోనూ కొన్ని ఏర్పాట్లున్నాయి. కూర్చుంటే అంతటిది కాకపోయినా దగ్గరదగ్గరగా తెచ్చి ఉండేదాన్ని.

"నాకి రాదు," అన్నాను.

"వస్తాది. నీకి వస్తాదని నాకి తెలుసు."

"రాదు."

ఆయన బతిమాలాడు, తర్వాత తిట్టాడు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయాను. రాదనడం ఇప్పటికీ తప్పని నాకు అనిపించదు.

తొంభైలు సగమయ్యేసరికి ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. ఇంటింటికీ టీవీలొచ్చాయి. మా ఆయన షామియానాలు, కుర్చీలు బాడుగకిచ్చుకుంటూ మిగిలాడు. నేను అంగనవాడీలో చేరి పిల్లలకు పాటలు చెప్పాను. ఒకే ఇంట్లో ఉన్నాం, తర్వాత పుట్టిన మా పిల్లలకు ఒకే పళ్లెంలో తినిపించాం, వాన గురించీ రేషను గురించీ మాట్లాడుకున్నాం. సంగీతం మాత్రం మా మధ్య మాటల్లోకి రాలేదు. ఆయన ఇంట్లో ఉంటే నేను రేడియో కూడా పెట్టను.