కోర్టుకు వీపు పెట్టి కూర్చున్న యాదమ్మ

కొత్త బోచియా బంతుల పెట్టె విప్పగానే తోలు వాసన గదంతా కమ్మింది. అమీర్‌పేటలో మా కిటికీ ముందు నుంచి మెట్రో పోతోంది. ఆ వాసనకు యాదమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయాక ఇది రెండో వేసవి.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ముందుగా కోర్టులోకి వదిలే తెల్లబంతికి ఎవరి బంతులు దగ్గరగా చేరితే వారిదే గెలుపు. పుట్టుకతోనే నా కాళ్లూ చేతులూ నా స్వాధీనంలో లేవు. అందుకని ఏటవాలు ర్యాంప్ మీద బంతి పెట్టించుకుని, తలకు కట్టుకున్న కడ్డీతో వదులుతాను. నేను చెప్పినట్టు ర్యాంప్ జరిపే మనిషి కోర్టుకు వీపు పెట్టి, నా వైపు తిరిగి కూర్చోవాలి. ఆట సాగుతుండగా వెనక్కి చూడకూడదు, సలహా ఇవ్వకూడదు.

యాదమ్మ పంజాగుట్టలో నేను వెళ్లే ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఆయా. రోజూ బోరబండ నుంచి వచ్చేది. ర్యాంప్ పట్టడానికి తనంతట తనే ముందుకొచ్చింది. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా అమ్మకు అదే మింగుడు పడలేదు. అడక్కుండా ఎందుకొస్తోంది, ఫారిన్ తీసుకెళ్తారని ఎవరో చెప్పుంటారు అనేది. నేనూ కాదనలేదు. పైగా యాదమ్మ ఎప్పుడూ రెప్ప వేయకుండా నా మొహంలోకే చూసేది. నా మాట ముద్దగా, నెమ్మదిగా వస్తుంది. అది పూర్తికాకముందే ర్యాంప్ కదిలేది. నాకది ఆశ్చర్యంగానూ ఉండేది, అదోలానూ ఉండేది.

అంతర్జాతీయ పోటీలకు జట్టును ఎంపిక చేసే ఆటల్లో, మూడో రౌండ్ ముగిశాక, ఎదుటి అమ్మాయి తండ్రి లేచి గొడవ పెట్టుకున్నాడు. యాదమ్మ నా కళ్లజోడు అద్దాల్లో కోర్టును చూస్తోందన్నాడు. ఆధారం లేదని రిఫరీ కొట్టేశాడు. నేను కొట్టేయలేకపోయాను. ఏడాదిగా ఆమె నా మొహంలో ఏం వెతుకుతోందో ఇప్పుడు తెలిసిందనిపించింది. మరి ఇన్నాళ్లూ గెలిచింది నేనా, ఆమె కళ్లా?

చివరి రౌండ్‌లో ఒక్క బంతి మిగిలింది. తెల్లబంతి కుడివైపున ఉంది. నేను కావాలనే ఎడమకి అన్నాను. చూస్తున్న మనిషైతే చెయ్యి ఒక్క క్షణమైనా తడబడాలి. తడబడలేదు. ఇంకా ఎడమకి అన్నాను. జరిపింది. అప్పుడు నాకు నిజం తెలిసింది. గబగబా కుడికి అనబోయాను, కంగారులో మాట చిక్కుపడింది. సమయం అయిపోయింది. బంతి ర్యాంప్ మీదే ఉండిపోయింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

యాదమ్మ అప్పుడు వెనక్కి తిరిగి తెల్లబంతిని చూసింది, ర్యాంప్ ఎటుందో చూసింది, తర్వాత నన్ను చూసింది. ఈలోగా అమ్మ వచ్చి, ర్యాంప్ తప్పువైపు ఎందుకు జరిపావని ఆమెను నిలదీసింది.

"నాదే తప్పమ్మా. నాకు చెవులు సరిగ్గ వినవడయి. పిల్ల పెదవులు జూసి తెలుసుకుంట. ఇయ్యాల తెలవలే" అంది యాదమ్మ.

చెవుల సంగతి తెలిస్తే ర్యాంప్ పట్టనివ్వరని ఆమె అందరి దగ్గరా దాచింది. నన్ను కాపాడ్డానికి తనే బయటపెట్టుకుంది. అమ్మ ఇక రావద్దని చెప్పేసింది. నేను అమ్మను పిలిచాను.

"నేనే తప్పు చెప్పానమ్మా. కావాలనే. ఆవిడ చూస్తోందేమోనని."

అమ్మ పక్కనున్న కుర్చీలో కూలబడింది. యాదమ్మ నా తల మీది పట్టీ విప్పి, నుదుటి చెమట కొంగుతో తుడిచింది.

"అనుమానమొస్తే నన్నే అడుగు బిడ్డా. నేను సుత నీకు చెవుల సంగతి చెప్పకపోతిని" అంది.

రావద్దన్న మాట అమ్మ వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది ఇద్దరం ఎంపికయ్యాం. పరాయి దేశంలో మా మొదటి ఆటలో నా చివరి బంతి వెళ్లి తెల్లబంతిని ఆనుకుంది. హాలంతా చప్పట్లు. ఆమెకు బంతీ కనబడలేదు, చప్పట్లూ సరిగ్గా వినబడలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. పెదవులు తెలిసేలా, నెమ్మదిగా, గెలిచామని చెప్పాను.

అనుమానం నన్ను వదిలిపోలేదు. ఇప్పుడు ర్యాంప్ పట్టే అమ్మాయి ఫోన్ పక్కకు తిప్పుకున్నా మనసులో ఏదో మెదులుతుంది. అప్పుడు ఆమెను ఎదురుగా కూర్చోమని అడిగేస్తాను. నా ప్రశ్న పూర్తిగా బయటికి రావడానికి కాస్త సమయం పడుతుంది. అది పూర్తయ్యేసరికి అనుమానం సగం తగ్గిపోయి ఉంటుంది.