పైన పిట్ట, కింద పాము

బాన్సువాడలో దేవిదాస్ ముచ్చటలు వినేవాళ్ళు రెండు రకాలు. నమ్మకుండా వినేవాళ్ళు ఒక రకం, నమ్మకుండానే రెండోసారి చెప్పించుకుని వినేవాళ్ళు ఇంకో రకం. పదో తరగతి పరీక్ష మధ్యలో లేచి వచ్చినవాడు మళ్ళీ బడి మొహం చూడలేదు. లెక్కల పేపరే తనను చూసి జడుసుకుందని చెప్పుకుంటాడు. కాలువ మీద లష్కరు పని ఆయనది. తూములు విప్పాలి, మూయాలి, గట్టు వెంట తిరగాలి. ఒకసారి తూము పలక ఇరుక్కుంటే నీళ్ళన్నీ వీపుతో ఆపి, ఆ సందులోనే బీడీ కాల్చుకున్నాడట. బీడీ తడవలేదా అని ఎవరూ అడగరు. అడిగితే దానికీ ఒక ముచ్చట ఉంటుంది.

ఏడేండ్ల కింద హైదరాబాదు నుంచి పిట్టలు చూసేవాళ్ళు జీపు నిండా వచ్చారు. దారి చూపించడానికి గట్టు మీద దొరికింది ఈ లష్కరే. పోతూ పోతూ వాళ్ళు పాత దుర్బిన్ ఒకటి, వార్బ్లర్ అనే మాట ఒకటి ఇచ్చిపోయారు. మంచుకొండల దిక్కు నుంచి చలికాలానికి ఇంత దూరం వచ్చి, చెరుకు మళ్ళ పక్కన తుమ్మల్లో, చింతల్లో బతికే చిన్న పిట్టలవి. ఆకు రంగు, ఆకంత సైజు. ఒక్క చోట నిలకడగా ఉండవు. వాటిని చూడాలంటే మెడ వెనక్కి విరిచి, చూపు కొమ్మల్లో పెట్టి, కాళ్ళను మరిచిపోవాలి. ఆ గట్టు మీద కాళ్ళను మరిచిపోయినవాడు ఇంటికి నడిచి రాడు. ఎండుటాకుల కింద రక్తపింజరలు పండుకుని ఉంటాయి.

అందుకే బద్రుద్దీన్ కావాలి. ఆయనది బస్టాండు వెనక మోటారు వైండింగు దుకాణం. దేవిదాస్ కంటే పదేండ్లు పెద్ద, మాట తక్కువ. పాములు, ఉడుములు, తొండలంటే ప్రాణం. శుక్రవారం నమాజు అయ్యేదాకా దుకాణం తెరవడు కనుక ఆ పొద్దున ఇద్దరూ గట్టెక్కేవాళ్ళు. ఒకరి చూపు పైకి, ఒకరిది కిందికి. "రెండడుగులు ముందట... ఆగు. ఎడమకు జరుగు" అని బద్రుద్దీన్ అంటే, దేవిదాస్ దుర్బిన్ దించకుండానే జరిగేవాడు. పెండ్లాం ధర్మి అందుకే దెప్పేది: "నేను చెప్తే ఇంచు గూడ జరగవు. గా భాయ్ చెప్తే మాత్రం కండ్లు మూస్కొని జరుగుతవ్."

కిందటి చలికాలం చెరుకులోంచి ఉడుమొకటి సర్రున కాళ్ళ మధ్యకొచ్చింది. దేవిదాస్ కెవ్వుమని దుర్బిన్ పారేసి, ముండ్లతుమ్మ ఎక్కి కూర్చున్నాడు. బద్రుద్దీన్ నవ్వలేదు. ఉడుము పోయేదాకా ఆగి, ముండ్లు తీసి, కిందికి దించాడు. జరిగింది ఇదే. ఆ సాయంత్రం తారాచంద్ చాయ్ హోటల్లో మాత్రం తుమ్మ ఎక్కింది బద్రుద్దీన్ అయ్యాడు. ఉడుము మొసలంత అయింది. దించడానికి మోకులు, అయిదుగురు మనుషులు, ఒక ట్రాక్టరు కూడా వచ్చి చేరాయి.

హోటలంతా పగలబడి నవ్వింది. నవ్వు అక్కడే ఉంటే బాగుండేది. మోటారు బాగు చేయించుకునేవాళ్ళు "ఉడుం భాయ్" అని పిలవడం మొదలుపెట్టారు. ఎండాకాలంలో బద్రుద్దీన్ బిడ్డ తహ్రీమ్ పెండ్లయింది. దావత్ కాడ మగపెండ్లివారి ముసలాయన అందరి ముందూ వియ్యంకుడిని ఆ పేరుతోనే పిలిచాడు. బద్రుద్దీన్ వడ్డిస్తూనే ఉన్నాడు. ఆ తరువాతి శుక్రవారం రాలేదు. ఆ పైన ఏ శుక్రవారమూ రాలేదు.

ఇప్పుడు మళ్ళీ చలి మొదలైంది, వార్బ్లర్లు దిగే రోజులొచ్చాయి. బద్రుద్దీన్‌ను మళ్ళీ గట్టు మీదికి తెచ్చుకోవాలి. దేవిదాస్ మనసులో వేరే ఫికర్ లేదు. గురువారం సాయంత్రం హోటలు నిండా జనం ఉన్నప్పుడు గ్లాసు కింద పెట్టి లేచాడు.

"తారాచందన్నా, గా ఉడుము ముచ్చట నేను ఉల్టా చెప్పిన. చెట్టెక్కింది భాయ్ గాదు. నేను."

"ఇగో, కొత్త ఆట షురూ జేసిండు!" అన్నాడు తారాచంద్.

"ఒట్టు అన్నా."

"నీ ఒట్టు ఈ ఊర్ల చెల్లదు బావా," అన్నాడు ట్రాక్టరు నడిపే లక్‌పతి.

దేవిదాస్ ప్యాంటు పైకి మడిచి పిక్క మీది మచ్చలు చూపించాడు. "ఇగో చూడుండ్రి, తుమ్మ ముండ్లు."

"అవి చిరుతపులి గోర్లని దసరాకు నువ్వే చెప్పినవ్ గదనే!" అని ఎవరో మూల నుంచి అందుకున్నారు.

హోటలు నవ్వులతో కిందా మీదా అయింది. లక్‌పతి లేచి వచ్చి భుజం తట్టాడు. "దోస్తు ఇజ్జత్ కోసం గింత పెద్ద అబద్ధమా! నీ పుట్టుకల ఇదే పెద్దది బావా." చాయ్ కూడా ఇప్పించాడు. దేవిదాస్ అది తాగలేకపోయాడు.

శుక్రవారం పొద్దున గట్టు మొదట్లో చాలాసేపు నిలబడ్డాడు. దారి మీద చెరుకు ట్రాలీలు పోయాయి, పాల బండ్లు పోయాయి. ఎవరూ రాలేదు. ఒక్కడే నడిచాడు.

చింత కింద నిలబడగానే పైనుంచి "చిస్లిట్" అని వినపడింది. ఈ ఏటి మొదటి వార్బ్లర్. దేవిదాస్ మెడ ఎత్తాడు, మూడు లెక్కపెట్టి దించాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. ఎత్తినప్పుడల్లా పిట్ట వేరే కొమ్మ మీద అరిచింది. దించినప్పుడల్లా నేల మీద ఎండుటాకులే ఉన్నాయి. అర్ధగంట అయింది. పిట్ట తోక కూడా కనపడలేదు. ఈసారి ఏమైతే అదైందని దుర్బిన్ కండ్లకు అదిమి, కొమ్మ వెంట ఒక్కడుగు వేశాడు.

కుక్కర్ విజిల్ లాంటి బుస. మూరెడు దూరంలో రక్తపింజర, చుట్ట చుట్టుకుని. దేవిదాస్ కొయ్యై నిలబడ్డాడు. "భాయ్..." అన్నాడు మెల్లగా, ఎప్పుడూ బద్రుద్దీన్ నడిచే ఎడమ దిక్కుకు. ఆ దిక్కున జమ్ము ఉంది, గాలి ఉంది. పాము తీరిగ్గా చుట్ట విప్పుకుని పొదలోకి పోయింది.

నమాజు అయ్యాక దుకాణం తెరిచే వేళకు వెళ్ళాడు. బద్రుద్దీన్ కాయిల్ చుడుతున్నాడు.

"నిన్న హోటల్ల నిజం చెప్పిన భాయ్."

"లక్‌పతి వచ్చి చెప్పిండు. 'ఉడుం భాయ్, నీకు మంచి దోస్తు దొరికిండు' అని నవ్విపోయిండు."

"నేను చెప్పింది నిజమే గద!"

"నిజమని నాకెర్క, నీకెర్క, గా ఉడుముకెర్క. బజార్ల బతికేటోన్ని మాత్రం నేను."

"ఇయ్యాల పింజర మీద కాలేసేటోన్ని భాయ్."

బద్రుద్దీన్ చేతులు ఆగాయి. "కర్చిందా?"

"లేదు."

బద్రుద్దీన్ ఆ కాయిల్ పక్కన పెట్టి, కొత్తదానికి తీగ అందుకున్నాడు.

"వచ్చే శుక్రవారం వస్తవా?"

"ఒకటి... రెండు... మూడు..." బద్రుద్దీన్ చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లెక్క నడుస్తుంటే వైండింగు మనిషిని పలకరించకూడదు, ఒక్క చుట్టు తప్పినా మోటారు కాలిపోతుంది. అయిపోయాక చెబుతాడు కదా అని దేవిదాస్ స్టూలు మీద కూర్చున్నాడు. ముప్పై. నలభై. ఆ సైజు మోటారుకు కాయిల్‌కు నలభై ఎనిమిది చుట్లు. ఏండ్ల తరబడి పక్కన కూర్చున్నవాడు కనుక దేవిదాస్‌కూ అది తెలుసు.

నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. యాభై. బద్రుద్దీన్ తల ఎత్తలేదు. అరవై. అరవై ఒకటి.

డెబ్బై దాకా విని, దేవిదాస్ చప్పుడు చేయకుండా లేచి బయటికి వచ్చాడు.