బూట్లు విప్పేసిన నరసమ్మ పిన్ని

వానకు నాని కుళ్ళిన ఆకుల వాసన, దానిమీద చల్లిన బ్లీచింగ్ పొడి ఘాటు, రెండూ కలిసి ముక్కుకు తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. ఈ ఉదయం భవానీపూర్‌లో ఒక పాత ఇంటి పెరట్లో అదే జరిగింది. కుప్ప ఎత్తబోయి ఆగిపోయాను, నరసమ్మ పిన్ని వెనక నిలబడి తిడుతున్నట్టే అనిపించింది. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళి చేసుకుని కలకత్తా వచ్చి, చెత్త, పిచ్చిమొక్కలు తొలగించే మా ముఠాకు సర్దారైన మనిషి. మా నాన్న పోయాక కార్పొరేషన్ వాళ్ళు ఆయన ఉద్యోగం నాకు ఇచ్చి, ఆవిడ కింద వేశారు. పదో తరగతి పాసయ్యానని నాకు కొంచెం పొగరు ఉండేది. ఆ పొగరంటే ఆవిడకు ఒళ్ళుమంట.

ఆవిడతో పని చెయ్యడమంటే ప్రాణం విసిగిపోయేది. ఎంత చిన్న కుప్పయినా సరే, వెదురు కర్రతో ముందు మూడుసార్లు నేలమీద కొట్టాలి. కొట్టి వెనక్కి జరగాలి. ఆవిడ తీరిగ్గా ఖైనీ నలిపి పెదవి కింద పెట్టుకునేదాకా ఎవరూ కదలకూడదు. గోడవైపు కంత ఉంటే, పాము పోయే ఆ దారికి అడ్డంగా నిలబడకూడదు. లారీ డ్రైవరు "తాడాతాడి కొరో దీదీ!" అని తొందరపెడుతూ హారను మోగిస్తూనే ఉండేవాడు. ఆవిడకు చెవుడేమో అనుకునేదాన్ని.

"ఒలే సుగునా, మరొకలింట్లోకి ఎల్లేటప్పుడు తలుపు కొట్టవేటి?"

"ఇది ఇల్లు కాదు పిన్నీ, చెత్త."

"నీకు సెత్త. దానికి ఇల్లు."

అన్నిటికన్నా నాకు మండిపోయింది ముందురోజు కుప్ప గొడవ. సాయంత్రం మేమే ఊడ్చి పోగుపెట్టిన ఆకులు, మర్నాడు లారీ వచ్చాక ఎత్తాలి. నా చేతులతో పేర్చిన కుప్పే కదా అని ఒకరోజు పొద్దున్నే రెండు చేతులా వాటేసుకుని లేపబోయాను. మణికట్టు మీద కర్ర ఫెళ్ళున పడింది. కుప్ప తిరగేస్తే లోపల ఒక కప్ప, అంతే. ముఠా అంతా పగలబడి నవ్వింది. నా చెయ్యి మాత్రం రెండు రోజులు వాచి ఉంది.

"ఏం మనిషివి నువ్వు? కప్ప కోసం చెయ్యి విరగ్గొడతావా?" అని అరిచాను.

"నిన్న సాయంత్రం అది నీ కుప్ప. రాత్రంతా నువ్వు కాపలా ఉన్నావేటి?" అందావిడ, కర్ర కింద పెట్టకుండానే. ఆ కోపంలో వేరే ముఠాకు మార్చమని ఆఫీసు బాబుకు అర్జీ కూడా పెట్టుకున్నాను. ఆయన దాన్ని చదివినట్టు లేడు.

ఇన్ని చెప్పిన మనిషి, ఆవిడ రిటైరయ్యే ఏడాది వానాకాలంలో ఏం చేసిందో చూడండి. గార్డెన్ రీచ్‌లో నది ఒడ్డున పాత గోడౌను వెనక పొదలు కొట్టి, టీకి ఆగాం. మేం తిరిగి చూసేసరికి రబ్బరు బూట్లు విప్పి పక్కన పెట్టి, తడిసిన గోనెల దొంతర మీద కూర్చుని ఉంది. కర్రతో కొట్టలేదు, కనీసం కిందికి చూడలేదు. గోనెల సందులోంచి రక్తపింజర బయటికి వచ్చి కాలివేళ్ళ దగ్గర కాటేసి, పొదల్లోకి పోయింది.

మా ముఠాలోని రాములు దాదా తలగుడ్డ విప్పి కాలికి బిగించబోయాడు. దగ్గర్లో మంత్రం వేసే ఓఝా ఉన్నాడని లారీ డ్రైవరు అన్నాడు. "కట్టకండి, కొయ్యకండి. ఏ ఓజా ఒద్దు. నడిపించకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అని ఆవిడే మాకు హుకుం వేసింది. లారీలో పడుకోబెట్టి, కాలు కదలకుండా నా ఒళ్ళో పట్టుకున్నాను. అప్పటికే పాదం వాస్తోంది. వాపు ముదరకముందే వేళ్ళకున్నవి తీసెయ్యాలని మాకు నేర్పింది కూడా ఆవిడే కదా అని మట్టె మీద చెయ్యి వేశాను. కదలొద్దన్న మనిషే కాలు లాక్కుంది.

"మట్టెలు ముట్టుకోకు. మొగుడున్న ఆడదాన్ని."

"ఏ మొగుడు పిన్నీ? షాలిమార్ యార్డులో పనుందని వెళ్ళి పదిహేనేళ్ళయింది!"

"సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు?"

ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి నాకు. ఆ వేళ్ళను దగ్గరగా చూసింది అప్పుడే. బూటులో మట్టెలు ఒరుసుకుని ఒరుసుకుని పుళ్ళు పడి ఉన్నాయి. అందుకే కాస్త సందు దొరికితే బూట్లు విప్పేసేది కాబోలు. మట్టె తీస్తే సరిపోయేదానికి బూటు తీసింది! బతికి బయటపడితే నేనే చంపేద్దామనుకున్నాను. బతికితే చాలునని దారి పొడుగునా ఏ దేవుణ్ణి వేడుకోలేదో నాకు గుర్తులేదు.

ఆసుపత్రిలో ఆ కాలి మట్టెను కత్తిరించి తీశారు. ఒక వేలు పోయింది, ప్రాణం దక్కింది. మాట్లాడే ఓపిక వచ్చిన రోజున నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"నానెందుకు బూట్లు ఇప్పీసినానో ముఠాలో అందరికీ సెప్పు."

"బూట్ల సంగతి చెప్తాను. మట్టెల సంగతి ఎందుకులే పిన్నీ, నవ్వుతారు."

"నవ్వనీ. అదే సెప్పాల. బూట్ల మాటొక్కటే సెప్తే ముసిల్దానికి మతి పోనాదనుకుంటారు. రేపు ఆల కాళ్ళకీ మట్టెలుంటాయి."

ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు సర్దారును నేను. ముఠాలో కొత్తగా చేరినవాళ్ళకు ప్రతిసారీ మొదటి రోజే ఈ కథ చెబుతాను. పారిపోయిన మొగుడి కోసం మట్టెలు తియ్యని ముసలమ్మ అనగానే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వుతారు. తర్వాత ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటారు. మర్నాడు ఒకరో ఇద్దరో బోసి వేళ్ళతో వచ్చి, నా మొహం చూడకుండా బూట్లు తొడుక్కుంటారు. నాకు మాత్రం ఆ రోజంతా చిరాగ్గానే ఉంటుంది. ఆవిడ సర్దారుగా ఉన్నన్నాళ్ళూ మా ముఠాలో ఇంకెవరినీ పాము ముట్టుకోలేదని వాళ్ళకేం తెలుసు? నా మణికట్టు మీద పడిన దెబ్బ గురించి వాళ్ళకేం తెలుసు? ఆవిడ గురించి చెప్పడానికి నా దగ్గర ఎన్ని మంచి మాటలున్నాయో! ఆవిడ చెప్పమన్నది మాత్రం ఈ ఒక్కటే. అదే చెబుతున్నాను.