సేటు దుకాణం ముందు బతుకమ్మ

1966. సూర్యాపేటలో గింజల దుకాణాలుండే ఒక బజారు. అప్పుడు నేనక్కడ ఓవర్సీరుని. అంటే రోడ్లు, కాలువలు కొలిచి, అంచనా వేసి, పని ముగిసేదాకా ఎండలో నిలబడేవాణ్ణి. ఆ బజారుకు మెటలింగ్ చేయమన్నారు, అంటే కంకర పరిచి రోలరు తొక్కించడం. నాకది మంచినీళ్లు తాగినంత తేలిక.

కొలతలు తీస్తుంటే, బీడీలు చుట్టే లచ్చమ్మ గడప దిగి వచ్చింది.

"సారూ, కంకరేస్తే బతుకమ్మ యాడ ఆడాలె? మావి పాదాలా, ఎడ్ల గిట్టలా?"

"ఇప్పుడు ఆడుతున్నారా మరి?"

"యాడ ఆడనిస్తుండ్రు? పొద్దుగూకంగనే బండ్లు నిండుతయి. నా బిడ్డ పెండ్లయినంక మొదటి పండుగకు వస్తున్నది. దాన్ని పేడల నిలబెట్టి ఆడియ్యాల్నా?"

నిజమే. పెసల బండ్లు సాయంత్రానికే వచ్చి, తెల్లారి కాంటా దగ్గర వంతు పోకుండా దుకాణాల ముందే ఉండిపోయేవి. బండి కదిలితే వంతు పోయినట్టే. కంకర బదులు మొరం, అంటే ఎర్రటి గరపమట్టి, పరిస్తే కాళ్లకు మెత్తగా ఉంటుంది. క్యాంబర్, అంటే నడుమ కాస్త ఎత్తు, అంచులకు వాలు, సరిగ్గా ఇస్తే నీళ్లూ నిలవవు. పైవాళ్లను ఒప్పించడం నాకు లెక్క కాదు. చిక్కంతా బండ్లతోనే. బజారు రెండు కొసలా కడీలు, అంటే నిలువు రాళ్లు, పాతి, సాయంత్రం వాటికి అడ్డంగా ఒక దుంగ వేస్తే తప్ప ఆడవాళ్లకు జాగా దొరకదు.

నేను ఆ మాట పైకి అనగానే అక్కడి పెద్ద దుకాణం రాములు సేటు భగ్గుమన్నాడు.

"నా ముంగట బండి నిలవకపోతే రైతు అవతలి సేటు తాన్కి పోతడు. మీరు పండుగ జేసుకొని పోతరు, నేను ఈగలు తోలుకుంట కూసోవాల్నా?"

పాపం, ఆ భయం ఉత్తది కాదు. ఆ బజారులో వంతు మీదే వ్యాపారం నడిచేది.

"బండ్లు ఊరి బయట మైదానంలో ఉంటాయి. వంతుకు ముల్లుకర్ర పెట్టించండి సేటూ. ఎడ్లను అదిలించే కర్రే కదా, ప్రతి రైతు దగ్గరా ఉంటుంది. వచ్చిన వరసలో మీ అరుగు మీద పెట్టుకుంటారు."

అక్కడే ఉన్న తిరుమలగిరి రైతు నవ్వాడు. "నా కర్ర నేను సీకట్ల గూడ గుర్తువడ్త. ఒకని కర్ర ఇంకొకడు ముట్టడు సేటు."

సేటు కాసేపు గొణిగి దిగివచ్చాడు. "పండుగ దాకనే. రైతు తగ్గిండా, ఆ రాళ్లు మీతోనే పీకిస్త."

"ఆ పని పడదు" అన్నాను. నాకు అనుమానమే లేదు.

పండుగలోపే మొరం పరిపించి, కడీలు పాతించాను. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు చుట్టుపక్కల ఆడవాళ్లంతా బజారుకు వచ్చారు. లచ్చమ్మ బిడ్డ కొత్త చీర కట్టుకుని వలయంలో తిరుగుతుంటే తల్లి మొహం చూడాలి! నాకూ కళ్లు చెమర్చాయి. సేటు మాత్రం మాటిమాటికీ లేచి అరుగు మీది కర్రలు చూసుకునేవాడు. తెల్లారి రైతులు కర్రల వరసలోనే బండ్లు తోలుకొచ్చారు. అంతకుముందు జాగా కోసం జరిగే కొట్లాట కూడా తప్పింది.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ మరునాడు, ఒప్పుకున్న ప్రకారం, కూలీలను తీసుకుని కడీలు తీయించడానికి వెళ్లాను. సేటు ఒక రాతిని ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"యాడికి?"

"పండుగ అయిపోయింది కదా సేటూ."

"పండుగ మీకయిపోయింది. నా మనుమరాలు పొద్దుగూకంగ గీడనే ఆడుతున్నది. ఎద్దు పొడుస్తదని దాన్ని ఇన్నొద్దులు గడప దాటనియ్యలె. పీకుతరా? ముందుగాల నన్ను పీకుండ్రి!"

కూలీలు పకపకా నవ్వి గడ్డపారలు భుజాన వేసుకున్నారు. కడీలు అక్కడే ఉండిపోయాయి.

వీధి వెడల్పు కొలవడం ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వచ్చింది. ఏ పొద్దుకు అది ఎవరికి కావాలో అడగడం ఆ బజారు నేర్పింది. తరువాత కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా, కొత్త బజారు పని చేతికొస్తే ముందుగా ఒక సాయంత్రం అక్కడికి పోయి ఊరికే కూర్చునేవాణ్ణి. టేపు మర్నాడు తీసేవాణ్ణి.