దసరా నాటి పిల్లిగద్ద

తంగేడు పూసే రోజులొస్తే నా కాళ్లు ఇంట్లో నిలవవు. మంచు పడే దేశాల నుంచి పిల్లిగద్దలు మా నల్లగొండ బీళ్లలో దిగేది అప్పుడే. మిగతా గద్దల్లా ఇవి ఆకాశంలో ఎక్కడో చక్కర్లు కొట్టవు. గడ్డి మీదుగా నడుమెత్తున, పోయిన వస్తువేదో వెతుక్కుంటున్నట్టు తేలిపోతుంటాయి. చీకటి పడితే చెట్టెక్కవు, గడ్డిలోనే పడుకుంటాయి. బడి వదలగానే కెమెరా భుజానేసుకుని పానగల్ బీళ్ల దిక్కు స్కూటీ తిప్పే నన్ను చూసి మా అత్తమ్మ, "పంతులమ్మవైతివి, గద్దల ఎంబడి తిరుగుడేంది బిడ్డా?" అనేది. కోళ్లు పెంచిన మనిషి. గద్ద పేరెత్తితే చాలు, ఆమె చెయ్యి రాయి కోసం తడుముకునేది.

ఒక ఏడు దసరా ఆలస్యంగా వచ్చింది. అప్పటికే సాయంత్రాలు చలి తెలుస్తోంది. అత్తమ్మ కళ్లకు శుక్లాలు ముదిరి, మనుమరాలిని కూడా గొంతు వినే పోల్చుకుంటోంది. ఆపరేషన్ అంటే భయం. బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద ఒప్పుకుంది.

"దసరానాడు పాలపిట్టను చూసినంకనే దవాఖాన. అది కనవడకుంటే మల్ల నన్ను పిలువొద్దు."

ఇదెంత పని అనుకున్నాను. రోజూ కరెంటు తీగల మీద కూర్చుని కనిపించే పిట్టే కదా! పండుగనాడు ఆమెను స్కూటీ మీద ఎక్కించుకుని బీడుకు తీసుకుపోయాను. పట్టణంలో సగం మంది అక్కడే ఉన్నారు, అందరూ పాలపిట్ట కోసమే. ఇంతమంది మీద పడితే ఏ పిట్ట నిలుస్తుంది? రాష్ట్ర పక్షి కదా, ఆ రోజు దాని దర్శనం పెద్ద మనుషుల దర్శనంకన్నా కష్టమైంది. జనం విసిగి ఇళ్లకు మళ్లారు. అత్తమ్మ మాత్రం కదలలేదు. ఆపరేషన్ తప్పిపోతుందని నాకు దిగులు పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా, బీడులో పాతిన ప్లాట్ల హద్దురాళ్ల మీదుగా ఆ ఏటి మొదటి పిల్లిగద్ద వచ్చింది. మగది. బూడిదరంగు ఒళ్లు, మసిలో ముంచి తీసినట్టు నల్లని రెక్కల కొసలు. దిగులూ దసరా అన్నీ మరిచిపోయి కెమెరా ఎత్తాను. అది మా ముందునుంచే పోయింది.

"అగో, కనవడ్డది పాలపిట్ట!"

తిరిగి చూస్తే అత్తమ్మ చెప్పులు విడిచి, రెండు చేతులెత్తి మొక్కుతోంది.

ఔనంటే పని అయిపోతుంది. కానీ దండం పెట్టే మనిషితో అబద్ధం ఎలా ఆడను? ఈలోపు ఆమే అడిగింది.

"ఫోటో తీసినవా? ఏదీ, జర సూపెట్టు."

బొమ్మను తెర నిండా పెద్దది చేసి ఇచ్చాను. ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూసింది.

"గిది గద్ద గదనే!"

"అవునత్తా. పిల్లిగద్ద. హిమాలయాలు దాటి వస్తది."

"గంత దూరంకెల్లా? తొవ్వ ఎవలు సూపెట్టిండ్రు దీనికి?"

"ఎవరూ లేరు. దాని కండ్లే. గడ్డిల ఎలుకపిల్ల కదిలినా పైనుంచి కనిపెడతది."

తెర మీది ఆ పసుపుపచ్చని కంటిని ఆమె మళ్లీ చూసింది. ఇక ఈ ఏటికి దవాఖాన లేనట్టే అనుకున్నాను. ఆమె నింపాదిగా కెమెరా నా చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కుంది.

"పాలపిట్టను నేనేమడగనీకి వచ్చిన? సూపే గద. దానికి రంగున్నది బిడ్డా, సూపు దీనికున్నది. ఉన్నదాన్నే అడిగిన తియ్యి."

నాకు ఆమెను ఎత్తుకుని గిరగిరా తిప్పాలన్నంత సంతోషమైంది.

"ఇగ బండి తియ్యి, చలి పెడుతాంది. తెల్లారి దవాఖానకు పోవాలె."